బూజు పట్టిన ‘పురానా మందిర్’ క్యాసెట్

రామ్సే సోదరుల హిందీ దయ్యాల సినిమా ‘పురానా మందిర్’ (1984) వీహెచ్ఎస్ క్యాసెట్ మా అటక మీద దొరికింది. రీలు అంచున తెల్లగా బూజు. అలాగే వీసీఆర్‌లో పెడితే అది హెడ్‌డ్రమ్ముకి (టేపు మీది బొమ్మను చదివే గుండ్రటి భాగం) అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. అందుకే ముందు అడుగున ఉన్న ఐదు స్క్రూలు విప్పాను. లోపల చిన్న చిన్న రోలర్లు, స్ప్రింగులు ఉంటాయి, ఏది ఎక్కడుందో ఫొటో తీసి పెట్టుకోండి. మాస్కు కట్టుకుని, రీళ్లు చేత్తో తిప్పుతూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూగు రాలని గుడ్డతో టేపు రెండు వైపులా మెల్లగా తుడిచాను. మహా విసుగు పని! బాగా ఆరాక రీళ్లను ఎవరిదో పాడైపోయిన పెళ్లి క్యాసెట్ డబ్బాలోకి మార్చాను (పెళ్లివారు క్షమించాలి).

బొమ్మ కింద గీతలొచ్చాయి, వీసీఆర్‌లో ట్రాకింగ్ (టేపును హెడ్డుకు సరిగ్గా కుదిర్చే సర్దుబాటు) సరిచేస్తే పోయాయి. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే బొమ్మ వణికింది. మధ్యలో పాత డీవీడీ రికార్డర్ కలిపితే కుదురుకుంది.

చీకటి సీన్లలో చుక్కచుక్కలుగా కనిపించే మసకను మాత్రం సాఫ్ట్‌వేర్‌తో తీసేయలేదు. సినిమాలో రాక్షసుడు సామ్రీగా వేసిన అనిరుధ్ అగర్వాల్ మేకప్‌ని సగం కాపాడుతున్నది అదే. క్యాసెట్ ఇప్పుడు సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంది.