స్కాన్ రిపోర్టులోని పొడవాటి మాటను చివరి నుంచి చదవండి

పొట్ట స్కాన్ రిపోర్టు చేతికి వచ్చాక, డాక్టరుగారిని కలిసేదాకా, అందులోని బారెడు ఇంగ్లీషు మాటలు చూసి కంగారుపడటం చాలా ఇళ్లలో జరిగేదే. మా అమ్మగారి రిపోర్టులో ‘హెపటోమెగాలీ’ అని చూసి నేనూ అలాగే బెంబేలెత్తాను.

అటువంటి మాటను సమాసానికి విగ్రహవాక్యం చెప్పినట్టు, చివరి నుంచి విడదీయాలి. చివర ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘మెగాలీ’ ఉంటే పరిమాణం పెరగడం, ‘లిథియాసిస్’ ఉంటే రాళ్లు, ‘ఎక్టమీ’ ఉంటే శస్త్రచికిత్సతో తొలగించడం అని అర్థం. ఆ తరువాత మొదటి ముక్క ఏ అవయవమో చూడాలి: ‘హెపటో’ కాలేయం, ‘నెఫ్రో’ మూత్రపిండం, ‘గ్యాస్ట్రో’ జీర్ణాశయం. అప్పుడు హెపటోమెగాలీ అంటే కాలేయం పెరగడమనీ, నెఫ్రోలిథియాసిస్ అంటే మనం రోజూ వినే కిడ్నీలో రాళ్లేననీ తెలిసిపోతుంది. ఈ ఏడు ముక్కలనూ ఒక చీటీ మీద రాసి రిపోర్టుల ఫైలులో పెట్టుకుంటే చాలు.

అయితే, చూడటానికి మామూలుగా ఉండే మాటల దగ్గర ఈ పద్ధతి పనిచేయదు. ‘అన్‌రిమార్కబుల్’ అని రాస్తే ఆ అవయవంలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడలేదని అర్థం. ‘అక్యూట్’ అంటే ప్రమాదకరమని కాదు, హఠాత్తుగా మొదలైనదని. అటువంటి మాటల కింద పెన్సిలుతో గీత గీసి, డాక్టరుగారినే అడగడం మేలు.