కథకి ఐడియా ఎక్కడ దొరుకుతుంది? మూడో పాఠం: చదివింపుల పుస్తకం

పోయిన పాఠంలో ఒక గంట బయట కూర్చుని కనిపించింది కనిపించినట్టు రాయమన్నాను కదా. రాసినవాళ్లు ఆ కాగితం పక్కన పెట్టండి. రాయనివాళ్లు కంగారు పడకండి, ఎందుకంటే నేను మొదటిసారి విజయనగరం పెద్ద చెరువు గట్టు మీద నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే రెండు పేజీల నిండా సూర్యాస్తమయమే వచ్చింది, అందులో ఒక్క మనిషీ లేడు. ఈ వారం బయటికి వెళ్లే పని లేదు. అటక మీదో, బీరువా అడుగునో ఏదో ఒక జాబితా ఉంటుంది. అది బయటికి తీయాలి.

జాబితా ఎందుకంటే, కొత్తగా రాసేవాళ్లు ముందు టాపిక్ వెతుక్కుంటారు. వలస, వరకట్నం, రైతు కష్టాలు. టాపిక్ పట్టుకుని కూర్చుంటే వ్యాసం వస్తుంది, కథ రాదు. జాబితాలో అభిప్రాయాలుండవు, పేర్లూ అంకెలూ తప్ప. ఎవరో ఏదో అవసరానికి రాసుకున్నది, కథ కోసం రాసింది కాదు, కాబట్టి అబద్ధం ఆడాలన్న ఆలోచన కూడా సాధారణంగా ఉండదు. (సాధారణంగా అన్నాను, ఆ సంగతికి మళ్లీ వస్తాను.)

దీనికి పెద్ద ఉదాహరణ మన విజయనగరంలోనే ఉంది. ‘కన్యాశుల్కం’ మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. ఆ మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు, దొరికితే చదవండి. ఆనంద గజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్ల (అంటే పెళ్లికొడుకు దగ్గర డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్ల) లెక్క తీయించిన సంగతి అందులో ఉంది. మొత్తం 1,034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది వయసువాళ్లు ముగ్గురు. నన్ను ఆపేసేది 1,034 కాదు, ఆ చివరి ముగ్గురు. ఏడాది పిల్ల పెళ్లిపీటల మీద ఎలా కూర్చుంటుంది, ఎవరు ఎత్తుకుంటారు, మధ్యలో ఏడిస్తే మంత్రాలు ఆపుతారా?

ఇప్పుడు నాటకం దగ్గరికి రండి. అందులో 1,034 పెళ్లిళ్లు లేవు. అగ్నిహోత్రావధాన్లు ఇల్లు ఒకటుంది, సుబ్బి అనే పిల్ల ఉంది, లుబ్ధావధాన్లు అనే ముసలి పెళ్లికొడుకు ఉన్నాడు, పద్దెనిమిది వందల బేరం ఉంది. ముఖ్యంగా ఆ పెళ్లి ఎలాగైనా తప్పించాలని ఆడవేషం వేయించిన కుర్రాడిని తీసుకొచ్చి అంటగట్టే మేనమామ కరటక శాస్త్రి ఉన్నాడు. చూడండి, లెక్కల్లో ఉన్నది జరిగిపోయిన పెళ్లిళ్లు. నాటకం నడిచేది జరగకుండా చూడాలనుకునే మనిషి వల్ల. జాబితాలో కనపడని ఆ మనిషిని పట్టుకోవడమే ఈ పాఠంలో మన పని.

నా జాబితా చెప్తాను. మా అక్క పెళ్లి 1991లో, రాజాం దగ్గర ఊళ్లో. చదివింపులు రాసిన పొడుగాటి పుస్తకం మా నాన్న చాలా ఏళ్లు దాచారు, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, పైన శ్రీరామ. లోపల వరసగా పేర్లు, ఊర్లు, 11, 21, 51, అక్కడక్కడా 116, స్టీలు బిందె ఒకటి, పళ్లెం ఒకటి. కొన్ని పేర్ల పక్కన తర్వాత పెట్టిన టిక్కులు, అంటే వాళ్లింట్లో పెళ్లికి మనం తిరిగి చదివించేశామని. అది కానుకల పుస్తకం కాదండీ, అప్పుల పుస్తకం. ఆ మధ్యలో ఒక వరస ఉంది: ‘స్టీలు గ్లాసులు 6, పేరు తెలీదు’.

అక్కడ ఆగాను. మీరూ ఇలా ఏదో ఒక వరస దగ్గర ఆగితే ఎందుకు ఆగారో వెంటనే ఆలోచించొద్దు, ఆ వరసని విడిగా కాగితం మీద రాసుకుని కింద ఒకే ప్రశ్న వేయండి: ఈ వరస ఇలాగే ఉండాలని ఎవరికి అవసరం?

నాకు మొదట తట్టిన జవాబు, అక్కని ఇష్టపడ్డ కుర్రాడు చాటుగా ఇచ్చి వెళ్లిపోయాడని. ఇలాంటివి ఎన్నో చూసేశాం, అందుకే ముందు అదే తడుతుంది. రెండోది, పేద ముసలమ్మ, ఆరు గ్లాసులకి పేరు చెప్పుకోవడం ఎందుకని ఊరుకుంది. ఇది ఇంకా ప్రమాదం, రాస్తున్నప్పుడు మనకే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, చదివేవాళ్లకి ఏమీ అవదు. రెండు రోజులు ఆ కాగితం అలాగే వదిలేశాక గుర్తొచ్చింది, అప్పట్లో మా ఊళ్లో చదివింపులు మైకులో చదివేవారు. ఫలానా ఊరు ఫలానావారు యాభై ఒక్క రూపాయలు అని ఊరంతా వినాలి. అంటే పేరు రాస్తే మైకులోకి వెళ్తుంది. వెళ్లకూడని పేరైతే?

ఇక్కడి నుంచి మొత్తం కల్పన. గట్టు తగాదాతో ఏడేళ్లుగా మాటల్లేని పక్క పొలం ఆయన గ్లాసులు పంపాడు. ఆ పేరు మైకులో వినపడితే పెళ్లికూతురి తండ్రి నలుగురిలో వెనక్కి పంపించేస్తాడు. పద్దు రాసే మనిషి (నేను మాస్టారు అనుకున్నాను) పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించి ‘పేరు తెలీదు’ అని రాసేశాడు. ఇందాక సాధారణంగా అన్నది దీని గురించే. కథ ఆ మాస్టారిది, పెళ్లికూతురిది కాదు.

అసలు మజా తర్వాత. చదివింపు తిరిగి ఇవ్వకపోతే పరువు తక్కువ. కాబట్టి తండ్రి ఆ గ్లాసుల మనిషి కోసం ఊరూరా వెతుకుతాడు, ఏ పెళ్లికి వెళ్లినా అదే మాట, రాత్రి భోజనాల దగ్గర మాస్టారిని నిలదీస్తాడు.

“ఆ గళాసులు ఎవులిచ్చినారు మేస్టారూ? ఎవులో తెలీకపోతే ఎలా తిరిగి సదివించీది?”

మాస్టారు చెప్తే గొడవ, చెప్పకపోతే ఈయనకి నిద్ర లేదు. పక్క పొలం ఆయనింట్లో కూడా పెళ్లీడు పిల్ల ఉంది. ఇక రాసుకోవచ్చు. నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ చివర్లో ఇద్దరూ కావలించుకున్నారు, రెండూ చించేశాను. ఐడియా బాగుంటే కథ దానంతట అదే బాగుంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

చదివింపుల పుస్తకం లేనివాళ్లు ఏం చేయాలి? కిరాణా కొట్టు ఖాతా పుస్తకం, గుడి గోడ మీద దాతల పేర్ల రాయి, పాత రేషన్ కార్డులో కొట్టేసిన పేరు. ఫోన్‌లో చనిపోయినవాళ్ల నంబర్లు ఎన్ని తీసేయకుండా ఉంచారో చూసుకోండి, అది కూడా జాబితానే, కాస్త గుండె చిక్కబట్టుకోవాలి అంతే.

ఒక జాగ్రత్త. పేరు, ఊరు, రూపాయలు మూడూ మార్చండి. మన జిల్లాల్లో ఎవరిని కదిపినా ఎవరికో ఒకరికి చుట్టం అవుతారు. నేనొకసారి పేరు మార్చి బిందె మాత్రం బిందెగానే ఉంచాను, మా పిన్ని సంవత్సరం పాటు మాట్లాడలేదు.

ఈ వారం పని: ఒక జాబితా, అందులో మీరు ఆగిన మూడు వరసలు. ఒక్కోదాని కింద ఇందాకటి ప్రశ్నకి అయిదు జవాబులు, ఒక్కో వరసకి ఇరవై నిమిషాలకి మించొద్దు. మూడో జవాబు దగ్గర బుర్ర ఆగిపోతుంది, అప్పుడు లేచి టీ పెట్టుకోండి, కానీ కాగితం మూయకండి. నాలుగూ అయిదూ పిచ్చిగా ఉన్నా రాసేయండి.

నాలుగో పాఠంలో మాటల సంగతి చూద్దాం, మాస్టారు ఆ తండ్రికి ఏమని అబద్ధం చెప్తాడు, ఎంత తక్కువ మాటల్లో చెప్తాడు అన్నది. ఈ పదిహేను జవాబులూ అప్పుడు ఎదురుగా ఉండాలి, ముందు వాటిలో పన్నెండు కొట్టేస్తాం.