యూరోవిజన్‌లో ఒక దేశాన్ని ఫాలో కావడం ఎలా? పోర్చుగల్‌తో మొదలుపెట్టండి

యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే యూరోవిజన్ పాటల పోటీని మొదటిసారి చూసేవాళ్లు సాధారణంగా ఫైనల్ రాత్రి లింకు తెరుస్తారు. పాతిక పాటలు వరసగా వచ్చి పడతాయి. లైట్లు, పొగ, మంటలు, వింత బట్టలు. ఓట్ల లెక్క మొదలయ్యేసరికి మూడో పాట ఏదో, పదమూడోది ఏదో గుర్తుండదు. ఎవరో గెలుస్తారు. "ఇంతేనా" అనుకుని పడుకుంటారు.

అలా కాకుండా ఒక్క దేశాన్ని పట్టుకోండి. అది తన పాటను ఎలా ఎంచుకుంటుందో ఫిబ్రవరి నుంచే చూడండి. పాత పాటలు కొన్ని వినండి. మే నెలలో దాని కోసం నిద్ర మానుకోండి. ఏ దేశమైనా పరవాలేదు. స్వీడన్, ఐర్లాండ్ చెరో ఏడుసార్లు గెలిచాయి, వాటిని పట్టుకోవచ్చు. నన్నడిగితే మాత్రం పోర్చుగల్ అంటాను. 1964లో పోటీలో చేరి, మొదటి గెలుపు కోసం 53 ఏళ్లు ఆగిన దేశం అది. మార్కుల పట్టికను నమ్మకూడదని ఆ దేశం పాటలు నేర్పినంత బాగా ఇంకేవీ నేర్పవు.

1. పోటీ పడేది ఎవరో ముందు తెలుసుకోండి

తెర మీద జెండాలు ఊపుతారు కాబట్టి ప్రభుత్వాలు పంపుతాయేమో అనిపిస్తుంది. పంపేది టీవీ సంస్థ. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ అనే ప్రసార సంస్థల సంఘం 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో ఈ పోటీ మొదలుపెట్టింది. అందులో సభ్యత్వం ఉన్న చానల్ ఫీజు కట్టి, పాటను ఎంచి, కళాకారులను పంపుతుంది. పోర్చుగల్ తరఫున ఆ పని చేసేది అక్కడి ప్రభుత్వ రంగ టీవీ ఆర్‌టీపీ. ఏదైనా ఏడాది చానల్ వద్దనుకుంటే ఆ దేశం లేనట్టే. 2013లో, 2016లో పోర్చుగల్ అలాగే కనిపించకుండా పోయింది. ఆస్ట్రేలియా యూరప్‌లో లేకపోయినా 2015 నుంచి ఆహ్వానం మీద పాడుతోంది. మన దేశం పోటీలో లేదు.

ఇంకో సంగతి. 'పాడుతా తీయగా' చూసి పెరిగిన మనకు పాటల పోటీ అంటే అందరికీ తెలిసిన పాటను ఎవరు బాగా పాడారన్నది. ఇక్కడ పోటీ కొత్త పాటల మధ్య. గెలిచేది పాట. అందుకే రాసినవాళ్ల పేరు, స్వరపరిచినవాళ్ల పేరు కూడా తెర మీద పడుతుంది, చదవండి.

2. నిబంధనలు ఐదు నిమిషాల్లో

పాట మూడు నిమిషాలు దాటకూడదు. స్టేజీ మీద ఆరుగురికి మించకూడదు. ముఖ్య గాత్రం లైవ్‌లోనే పాడాలి, వాయిద్యాలు మాత్రం రికార్డు. వయసు పదహారు నిండాలి. పోటీకి ముందు ఏడాది సెప్టెంబరు 1 కన్నా ముందే బయటికి వచ్చిన పాట పనికిరాదు. భాష ఏదైనా సరే. ఒకప్పుడు సొంత భాషలోనే పాడాలన్న నియమం ఉండేది. 1999 నుంచి అది లేదు, దాంతో చాలా దేశాలు ఇంగ్లిష్‌కు మళ్లాయి. పోర్చుగల్ మాత్రం మొండికేసింది. మొత్తం ఇంగ్లిష్‌లో ఉన్న పాటను అది మొదటిసారి పంపింది 2021లో.

3. ఫిబ్రవరిలో 'ఫెస్తివాల్ ద కన్సాఁవ్' చూడండి

ఇది పోర్చుగల్ ఇంటి పోటీ. 1964 నుంచి ఉంది. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్ జరుగుతాయి. ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే, ఆర్‌టీపీ ముందు స్వరకర్తలను పిలుస్తుంది. గాయకుడిని ఎంచుకునేది స్వరకర్తే, కావాలంటే తనే పాడుకోవచ్చు. కొన్ని పాటలు బహిరంగ దరఖాస్తుల నుంచి కూడా వస్తాయి. ఫైనల్లో సగం మార్కులు ప్రాంతీయ జ్యూరీలవి, సగం ప్రజల ఓటు. జ్యూరీలు ఏడు ప్రాంతాల నుంచి ఉంటాయి, అట్లాంటిక్‌లో ఉన్న అసోరిష్, మదైరా దీవులతో సహా.

శీతాకాలంలో లిస్బన్ మనకన్నా ఐదున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఇక్కడ రెండున్నర. దీనికోసం మేల్కోనక్కర్లేదు, మర్నాడు ఆర్‌టీపీ వాళ్లు యూట్యూబ్‌లో పాటలు విడివిడిగా పెడతారు. టిఫిన్ తింటూ వినండి. ఒక్కో పాట రెండుసార్లు విని, ఫలితం చూడకముందే మీకు నచ్చిన మూడింటిని కాగితం మీద రాసుకోండి. మీ అభిరుచి ఎటు పోతుందో, జ్యూరీలది ఎటో అప్పుడు తెలుస్తుంది.

4. పాత పాటలు ఈ వరసలో వినండి

ఈ పని తొందరపడి చేయొద్దు. ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. పేర్లు పలకడం కష్టమైతే ఏడాది, దేశం, యూరోవిజన్ అని వెతికితే చాలు.

1964తో మొదలుపెట్టండి. అంతోనియు కల్వారియు పాడిన 'ఒరసాఁవ్', అంటే ప్రార్థన. కోపెన్‌హాగన్‌లో దానికి వచ్చింది సున్నా. మొదటిసారి వెళ్లిన దేశానికి ఒక్క పాయింటూ ఇవ్వలేదు.

తర్వాత 1969. సిమోన్ ద ఒలివేర పాడిన 'దెష్ఫుల్యాద పుర్తుగేజ'. సాహిత్యం అరీ దుష్ సాంతుష్ అనే కవిది. అప్పుడు పోర్చుగల్ నియంతృత్వంలో ఉంది, సమాజం ఛాందసంగా ఉండేది. బిడ్డను కనేవాళ్లు ఇష్టంతోనే కంటారన్న అర్థం వచ్చే పాదం ఆ పాటలో ఉంది. ఒక ఆడమనిషి టీవీలో ఆ మాట పాడిందని దేశమంతా దుమారం. మాడ్రిడ్‌లో ఆ పాట పదహారింటిలో పదిహేనో స్థానంలో నిలిచింది. అదే ఏడాది నాలుగు దేశాలు సమానంగా వచ్చి నలుగురినీ విజేతలుగా ప్రకటించాల్సి వచ్చింది. ఆ పద్ధతి మీద నిరసనగా 1970లో పోర్చుగల్‌తో పాటు మరికొన్ని దేశాలు మానేశాయి.

1973లో ఫెర్నాందు తోర్దు పాడిన 'తౌరాద' వినండి. ఇదీ అరీ దుష్ సాంతుష్ రాసిందే. పైకి ఎడ్ల పోరాటం గురించిన పాట, లోపల పాలకుల మీద వ్యంగ్యం. సెన్సార్ కళ్లముందు నుంచే దాటి వెళ్లింది.

ఇక 1974. పౌలు ద కర్వాల్యు పాడిన 'ఎ దెపోయిష్ దు అదేయుష్', అంటే 'వీడ్కోలు తర్వాత'. ఏప్రిల్ 6న ఇంగ్లాండ్‌లోని బ్రైటన్‌లో పోటీ. గెలిచింది స్వీడన్ వాళ్ల 'అబ్బా' బృందం. పోర్చుగల్‌కు మూడు పాయింట్లు, ఆఖరి స్థానంలో ఇంకొందరితో కలిసి నిలబడింది. విడిపోయిన ప్రేమ గురించిన మామూలు పాట, రాజకీయం లేదు. సరిగ్గా అందుకే అది ఉపయోగపడింది. ఏప్రిల్ 24 రాత్రి 10:55కి లిస్బన్‌లో ఒక రేడియో ఆ పాట వేసింది. తిరుగుబాటుకు సిద్ధంగా ఉన్న సైన్యాధికారులకు అదే మొదటి సంకేతం. వినేవాళ్లెవరికీ అనుమానం రాదు, ఈమధ్యే పోటీకి వెళ్లొచ్చిన పాట కదా. అర్ధరాత్రి దాటాక ఇంకో రేడియోలో రెండో సంకేతంగా, అప్పటికే నిషేధాలు ఎదుర్కొన్న జుజే అఫోన్సు పాట మోగింది. తెల్లారేసరికి ట్యాంకులు వీధుల్లో ఉన్నాయి. సాయంత్రానికి నియంతృత్వం కూలింది. సైనికుల తుపాకుల్లో జనం కార్నేషన్ పూలు గుచ్చారు, అందుకే దానికి కార్నేషన్ విప్లవమని పేరు. ఈ పాట విన్నాక మార్కుల పట్టిక ఒకసారి మళ్లీ చూడండి.

మరుసటి ఏడాది పాడిన దుఆర్త్ మేందిష్ గాయకుడే కాదు, ఆ విప్లవంలో పాల్గొన్న కెప్టెన్ కూడా. పాట పేరుకు అర్థం 'వేకువ'.

అక్కడి నుంచి గబగబా నడవొచ్చు. 1996లో లూసియా మొనీష్‌కు ఆరో స్థానం, అప్పటికి అదే గొప్ప. మరుసటి ఏడాదే మళ్లీ సున్నా. 2017లో ఆగండి.

కీవ్‌లో సల్వదోర్ సోబ్రల్ పాడిన 'అమార్ పెలుష్ దోయిష్', అంటే ఇద్దరి వాటా ప్రేమా ఒక్కరే ప్రేమించడం. రాసింది అతని అక్క లుయీజ. అతనికి గుండె జబ్బు. మొదటి రిహార్సల్స్‌కు రాలేకపోతే అతని బదులు అక్కే నిలబడి పాడింది. పోటీ రోజు మంటలు లేవు, డాన్సర్లు లేరు, పెద్ద స్టేజీ కూడా వద్దని జనం మధ్యలో చిన్న వేదిక మీద నిలబడ్డాడు. జ్యూరీల నుంచి 382, ప్రజల నుంచి 376, మొత్తం 758 పాయింట్లు. రెండు చోట్లా మొదటి స్థానమే. గెలిచాక, సంగీతమంటే బాణసంచా కాదు, అనుభూతి అన్నాడు. తోటి పోటీదార్లు ఆ రాత్రి ఎంత బాణసంచా కాల్చారో తలుచుకుంటే కాస్త పొగరుగా కూడా వినిపిస్తుంది. నాకైతే ఆ పొగరు నచ్చింది. ఆ డిసెంబరులో అతనికి గుండె మార్పిడి జరిగింది.

గెలిచిన దేశమే మామూలుగా మరుసటి ఏడాది పోటీ నిర్వహిస్తుంది. 2018లో లిస్బన్‌లో జరిగింది. సొంత గడ్డ మీద పోర్చుగల్‌కు వచ్చింది 39 పాయింట్లు, 26వ స్థానం, అంటే ఆఖరిది.

చివరగా 2025. మదైరా దీవి కుర్రాళ్ల బృందం నాపా పాడిన 'దెష్లుకాదు'. చదువుకో ఉద్యోగానికో దీవి వదిలి ప్రధాన భూభాగానికి వచ్చిన వాళ్ల బెంగ అందులో ఉంటుంది. డల్లాస్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్న మన వాళ్లకు అనువాదం లేకుండానే సగం అర్థమవుతుంది. ఫైనల్లో 21వ స్థానం. దాని సంగతి ఇప్పటికి మీకే తెలుసు.

5. మే నెలలో టైమ్ టేబుల్ సరిచూసుకోండి

మంగళ, గురువారాల్లో సెమీఫైనల్స్, శనివారం ఫైనల్. మధ్య యూరప్‌లో రాత్రి తొమ్మిదికి మొదలవుతాయి. మనకు అది అర్ధరాత్రి పన్నెండున్నర, తేదీ మారిపోతుంది. అంటే బుధ, శుక్ర, ఆదివారాలు. క్యాలెండర్‌లో శనివారం అని పెట్టుకుని శనివారం తెల్లవారుజామున లేచి కూర్చుంటే ఏమీ రాదు. ప్రసార హక్కులున్న చానల్ లేని దేశాల వాళ్లకు పోటీ అధికారిక యూట్యూబ్ చానల్‌లో లైవ్ ఉంటుంది.

పోర్చుగల్ సెమీఫైనల్ నుంచే రావాలి. ఏటా ఎక్కువ డబ్బు కట్టే పెద్ద దేశాలు, కిందటేడు గెలిచిన దేశం మాత్రమే నేరుగా ఫైనల్‌కు వెళ్తాయి. పోర్చుగల్ ఏ సెమీలో ఉందో ముందే చూసుకుని ఆ ఒక్క సెమీ చూసినా చాలు, రెండు రాత్రుల నిద్ర దండగ ఎందుకు. అక్కడ పేరు పిలిచేటప్పుడు వచ్చే టెన్షన్ ఫైనల్లో కూడా రాదు.

6. ఓటు వేయండి

2023 నుంచి పోటీలో లేని దేశాల వాళ్లు కూడా ఓటు వేయొచ్చు. అందరి ఓట్లూ కలిపి 'మిగతా ప్రపంచం' పేరుతో ఒక దేశం ఓటులా లెక్కిస్తారు. పోటీ వాళ్ల అధికారిక ఓటింగ్ సైట్‌లోకి వెళ్లి, కార్డుతో డబ్బు కట్టి వేయాలి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. సాయంత్రమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, తక్కువ లిమిట్ పెట్టుకోండి. పోటీ అయ్యాక మళ్లీ ఆపేయండి. ఒకరు వేయగల ఓట్లు గరిష్ఠంగా 20 ఉండేవి, 2026కు 10కి తగ్గించారు. సెమీఫైనల్స్‌లో జ్యూరీలను కూడా తిరిగి తెచ్చారు.

జర్మనీలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న తెలుగువాళ్లయితే ఆ దేశపు ఓటరుగానే వేస్తారు. అక్కడ ఒక ఇబ్బంది, ఉంటున్న దేశం పాటకు ఓటు వేయడానికి వీల్లేదు. పోర్చుగల్‌కు వేయడానికి అడ్డేమీ లేదు.

7. లెక్క చదవడం నేర్చుకోండి

తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో జ్యూరీ మార్కులు మొదలవుతాయి. ప్రతి దేశం జ్యూరీ పది పాటలకు 12, 10, 8 నుంచి 1 వరకు ఇస్తుంది. తర్వాత ప్రజల ఓటు కూడా అదే లెక్కలో కలుపుతారు. ఈ రెంటినీ విడిగా చూడండి. పోర్చుగల్ ప్రజల ఓట్లలో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, లక్సెంబర్గ్ ఏమిచ్చాయో చూడండి, అక్కడ వలస వెళ్లిన పోర్చుగీసు వాళ్లు చాలామంది ఉన్నారు. ఇరుగుపొరుగు దేశాలు ఒకరికొకరు వేసుకుంటాయన్న మాట మీరు తప్పక వింటారు. నిజమే కానీ, దాంతోనే ఎవరూ గెలవలేరు. సోబ్రల్‌కు ఓట్లు వలస కుటుంబాల నుంచి మాత్రమే రాలేదు.

రాజకీయం లేదని నిర్వాహకులు ఎప్పుడూ అంటుంటారు. 2026 పోటీలో ఇజ్రాయెల్ ఉండడాన్ని వ్యతిరేకిస్తూ స్పెయిన్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, స్లొవేనియా, ఐస్‌లాండ్ తప్పుకున్నాయి. మీరు ఎంచుకున్న దేశం ఈ ఏడాది ఉందో లేదో జనవరిలోనే చూసుకోండి.

పోటీ ముగిశాక పాటను వదిలేయకండి. జూన్, జులైలో మళ్లీ వెతికి, ఆ దేశం వాళ్లు దాని కింద ఏం రాస్తున్నారో అనువాదం పెట్టుకుని చదవండి. శరదృతువు వచ్చేసరికి ఆర్‌టీపీ వచ్చే ఏడాది స్వరకర్తల కోసం వెతుకులాట మొదలుపెడుతుంది.