బాల్ జాయింట్ మళ్లీ మళ్లీ పోతోందా? ఇసుకను కాదు, షాక్ పొడవు చూడండి

రేసింగ్ క్వాడ్‌కి (నాలుగు చక్రాల రేసు బండి) వెడల్పు ఏ-ఆర్మ్‌లు (ముందు చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే A ఆకారపు చేతులు), కొత్త షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) వేశాక మొదలయ్యే తంటాలు చాలావరకు స్ప్రింగ్ విప్పి చూస్తే బయటపడతాయి. ఆ ఒక్క పనే ఎవరూ చేయరు. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే రింగు) తిప్పుతారు, క్లిక్కర్లు (షాక్ మెత్తదనం మార్చే మరలు) తిప్పుతారు, చివరికి వేరే స్ప్రింగులు తెప్పిస్తారు. విశాఖలో ఈ సామాను కొట్టుకెళ్లి తెచ్చుకునేది కాదు. పార్సిల్ కోసం రోజుల తరబడి చూసి బిగించాక కూడా బండి అలాగే ఉంటుంది.

ముందు ఫ్రేమ్ కింద జాకీ పెట్టి చక్రాలు గాల్లోకి లేపండి. షాక్ విప్పి, ప్రీలోడ్ రింగు పూర్తిగా వదులు చేసి, స్ప్రింగ్ కంప్రెసర్‌తో స్ప్రింగ్ తీసేసి, షాక్‌ని మళ్లీ బిగించండి. ఇక ఏది చూసినా ఈ స్థితిలోనే.

ముందు భాగం కూలబడింది

వెడల్పు ఆర్మ్‌లు వేసి పాత స్ప్రింగులే ఉంచితే ఇదే జరుగుతుంది. పివట్ (ఆర్మ్ ఫ్రేమ్ దగ్గర ఆడే చోటు) నుంచి బాల్ జాయింట్‌కి (చక్రం వైపు చివర ఉండే బంతి కీలు) 400 మి.మీ. ఉన్న ఆర్మ్ 450 అయి, షాక్ బిగించే చోటు మాత్రం మారలేదనుకోండి. చక్రం దగ్గర స్ప్రింగ్ బలం ఈ నిష్పత్తి వర్గాన్ని బట్టి తగ్గుతుంది, అంటే దాదాపు 21 శాతం పోయినట్టే. ప్రీలోడ్ పెంచితే బండి లేస్తుంది కానీ స్ప్రింగ్ గట్టిపడదు, దూకినప్పుడు మళ్లీ నేలకి కొట్టుకుంటుంది. గట్టి స్ప్రింగే వేయాలి. వేశాక, నడిపే మనిషి హెల్మెట్, బూట్లతో సహా కూర్చున్నప్పుడు మొత్తం ట్రావెల్‌లో (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) మూడో వంతుకి కాస్త తక్కువగా దిగేలా ప్రీలోడ్ పెట్టుకోండి. 250 మి.మీ. ట్రావెల్ ఉంటే సుమారు 75.

చిన్న గతుకులకి కదలడమే లేదు

షాక్ కింది బోల్టు తీసేస్తే ఆర్మ్ తన బరువుకే కిందికి జారాలి. పెట్టిన చోటే ఆగిందంటే తప్పు షాక్‌ది కాదు, ఆర్మ్ పివట్‌లో ఉండే బుష్‌ది. లోపలి స్లీవ్ (బోల్టు దూరే గొట్టం) బుష్ కంటే కాగితం మందమంతైనా పొడవుండాలి. లేకపోతే బోల్టు బిగించినప్పుడు ఫ్రేమ్ చెవులు (బోల్టు పట్టే రేకులు) బుష్‌నే నొక్కి పట్టేస్తాయి. అలాంటప్పుడు బుష్ అంచును నీటి ఎమరీ కాగితం మీద కొద్దికొద్దిగా అరగదీయండి, స్లీవ్‌ని ముట్టుకోవద్దు. భీమిలి, రుషికొండ వైపు ఇసుకలో తిరిగే బండికి స్లీవ్ తుప్పు కూడా ఉంటుంది. శుభ్రం చేసి నీటికి కొట్టుకుపోని గ్రీజు పెట్టండి.

గాల్లోకి లేచినప్పుడు టక్‌మని శబ్దం, బాల్ జాయింట్ రబ్బరు చిరగడం, స్టడ్ విరగడం

అందరినీ మోసం చేసేది ఇదే. రబ్బరు చిరుగుతుంది, ఇసుక లోపలికి పోతుంది, జాయింట్‌లో ఆట వస్తుంది. విప్పిన వాళ్లకి ఇసుక కనిపిస్తుంది కాబట్టి నేరం బీచ్ మీదకి పోతుంది. కొత్త జాయింట్ వేస్తారు, కొన్నాళ్లకి అదీ పోతుంది. ఇసుక తర్వాత వచ్చింది. ముందు చిరిగింది రబ్బరు, దాన్ని చింపింది ఆ ఆర్మ్‌కి మించిన పొడవున్న షాక్.

చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు దాన్ని ఆపాల్సింది షాక్. షాక్ ఇంకా సాగగలిగి ఉండగానే బాల్ జాయింట్ తిరగగలిగినంతా తిరిగిపోతే, స్టడ్ (బంతికి ఉండే కడ్డీ) మెడ సాకెట్ అంచుకి ఆనుకుంటుంది. అప్పుడు షాక్ తనలో తాను మోయాల్సిన ప్రీలోడ్ బలమంతా ఆ సన్నటి మెడ మీద పడుతుంది. దూకిన ప్రతిసారీ చక్రం, హబ్, బ్రేకు బరువు కూడా దాని మీదే గుంజుతుంది. బండి నేల మీద ఉన్నంతసేపూ ఇదేమీ తెలియదు. ఎత్తు సరిగ్గా ఉంటుంది, చేత్తో నొక్కి చూస్తే మెత్తగా ఆడుతుంది. అందుకే దొరకదు.

‘మా మోడల్‌కి సరిపోతుంది’ అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఒకే మోడల్‌కి స్టాండర్డ్ ట్రావెల్ ఆర్మ్‌లూ ఉంటాయి, లాంగ్ ట్రావెల్ ఆర్మ్‌లూ ఉంటాయి. రెండింటికీ షాక్ చెవి ఉండే చోటు వేరు. టేపు తీయండి.

షాక్ పూర్తిగా తీసేసి, చక్రాన్ని బాల్ జాయింట్ ఆపేదాకా నెమ్మదిగా దించండి. పై బోల్టు రంధ్రం మధ్య నుంచి కింది రంధ్రం మధ్యకి కొలవండి. 432 వచ్చిందనుకుందాం. తర్వాత టైరు గానీ ఆర్మ్ గానీ ఎక్కడైనా తగిలేదాకా, లేదా ఫ్రేమ్ అడుగు టైరు అడుగుతో సమం అయ్యేదాకా, ఏది ముందైతే అక్కడిదాకా చక్రాన్ని ఎత్తండి. మళ్లీ అవే రంధ్రాల మధ్య కొలవండి. 300 అనుకుందాం. సాగినప్పుడు షాక్ పొడవు 432 కంటే కనీసం 8 మి.మీ. తక్కువ, అంటే 424 మించకూడదు. బంప్ రబ్బరు (షాక్ చివరిదాకా ముడుచుకున్నప్పుడు దెబ్బ ఆపేది) నలిగి పూర్తిగా ముడుచుకున్నప్పుడు 305 కంటే తగ్గకూడదు. అంటే స్ట్రోక్ (షాక్ సాగి ముడుచుకునే దూరం) 119 లోపే. 424 పొడవుకి 130 స్ట్రోక్ ఉన్న షాక్ వేస్తే అది 294కి ముడుచుకుంటుంది, షాక్ ఆపకముందే ఫ్రేమ్ నేలని తాకుతుంది. పొడవు ఒక్కటే చూసి కొనేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

ఎడమా కుడీ రెండూ కొలవండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా చూడండి, నిటారుగా ఉన్నప్పుడు ఆడే జాయింట్ తిప్పినప్పుడు పట్టేయవచ్చు.

షాక్ 10 మి.మీ. ఎక్కువ పొడవుంటే పారేయక్కర్లేదు. లోపల పిస్టన్‌కీ సీల్ హెడ్‌కీ మధ్య రాడ్ మీద 10 మి.మీ. స్పేసర్ వేస్తే అంత తక్కువ సాగుతుంది, స్ట్రోక్ కూడా అంతే తగ్గుతుంది. గాజువాక ఆటోనగర్‌లో మంచి లేత్ పనివాడు అల్యూమినియంలో తీసిస్తాడు. అంచులు పదును లేకుండా గుండ్రం చేయమని చెప్పండి. అయితే షాక్ విప్పేముందు గ్యాస్ వదలాలి, తర్వాత నూనె మార్చి మాన్యువల్‌లో రాసిన ప్రెషర్‌కి నైట్రోజన్ నింపాలి. ఆ పరికరం లేనిచోట పని ఒప్పుకోవద్దు. మామూలు కంప్రెసర్ గాలిలో మన ఊరి తేమంతా ఉంటుంది, అది షాక్ లోపలికి పోకూడదు. 25, 30 మి.మీ. తేడా ఉంటే మాత్రం స్పేసర్‌తో సర్దుకోవద్దు, స్ట్రోక్ మరీ తగ్గిపోతుంది. ఆర్మ్‌లకి తగిన షాక్ మార్చుకోవడమే. షాక్ చెవిని కోసి ఇంకో చోట వెల్డింగ్ పెట్టించడం అసలు వద్దు, అది ఊడేది దూకి దిగేటప్పుడే.

గతుకు మీద హ్యాండిల్ దానంతటదే లాగుతోంది

ఆర్మ్‌లు వెడల్పయ్యాక టై రాడ్లు (హ్యాండిల్ తిప్పుడును చక్రాలకి చేర్చే కడ్డీలు) పాతవే ఉంచి, చివర్లు బయటికి తిప్పి లాగించారు. మరలు లోపల చాలినంత మిగలవు, పైగా రాడ్ ఆర్మ్‌తో సమానంగా కదలదు. ఆ ఆర్మ్‌ల సెట్‌కి చెప్పిన పొడవు టై రాడ్లే వేసి టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మళ్లీ పెట్టండి.

షాక్ రాడ్ వంగడం, ఫ్రేమ్ చెవి పగలడం అరుదు, ఉంటే కంటికే కనిపిస్తాయి.

తిరిగి బిగించేటప్పుడు చక్రం పూర్తిగా వేలాడదీసి, హ్యాండిల్ చివరిదాకా తిప్పి బ్రేకు పైపు బిగుసుకోవడం లేదని చూడండి. బాల్ జాయింట్ కాజిల్ నట్టు (పిన్ను దూరే గాడులున్న నట్టు) రంధ్రం కుదరకపోతే ఇంకాస్త బిగించండి, వెనక్కి తిప్పవద్దు. కాటర్ పిన్ కొత్తదే వేయండి.