లాగ్‌బుక్ రాయడం – 5వ పాఠం: మబ్బులో గడిపిన నిమిషాలు

గత పాఠం తర్వాత మీరు పంపిన పైలట్ లాగ్‌బుక్ (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం) పేజీలన్నీ చదివాను. ఈసారి సిమ్యులేటర్ గంటల గురించి రాయాలనుకున్నాను కానీ, దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేయక తప్పడం లేదు. ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు. ఐఎఫ్‌ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే నియమాలు) ప్లాన్ దాఖలు చేసి ఎగిరితే చాలు, ప్రయాణ సమయం మొత్తాన్నీ ఇన్‌స్ట్రుమెంట్ గడిలో వేసేశారు. అమెరికాలో శిక్షణ పొందుతున్న మీరు రేపు ఏటీపీకి (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సుకు) 75 ఇన్‌స్ట్రుమెంట్ గంటలు చూపాలి. ఆ 75లో ఒక్కటి కూడా ఇలా చేరకూడదు.

ఐఎఫ్‌ఆర్ అంటే మీరు ఏ నియమాల కింద ఎగురుతున్నారన్నది. ఇన్‌స్ట్రుమెంట్ గడి అడిగేది మరొకటి: బయటి ఆధారమేమీ లేకుండా, పరికరాలను మాత్రమే చూస్తూ విమానాన్ని ఎంతసేపు నడిపారు? అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 61.51 నిబంధన చెప్పేది ఇదే.

ఫ్లోరిడాలో డేటోనా బీచ్ నుంచి టాలహాసీ వెళ్లారనుకుందాం. మొత్తం 1.8 గంటలు. 900 అడుగుల దగ్గర మబ్బులోకి వెళ్లి 3,500 దగ్గర పైకి తేలారు, 5 నిమిషాలు. ఆపైన ఎండ, ఎదురుగా దిగంతం గీత గీసినట్టు కనిపిస్తోంది. దిగేటప్పుడు మళ్లీ మబ్బులో 13 నిమిషాలు. మొత్తం 18 నిమిషాలు, అంటే 0.3. మిగతా 1.5 గంటలు కంట్రోలర్ చెప్పినట్టే ఎగిరినా, ఆటోపైలట్ వేసినా, కిందంతా మబ్బు పరుచుకుని నేల కనిపించకపోయినా ఈ గడిలోకి రావు. పైన దిగంతం కనిపించినంతసేపూ మీ దగ్గర బయటి ఆధారం ఉన్నట్టే.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. చంద్రుడు లేని రాత్రి, ఫ్లోరిడా పడమటి గల్ఫ్ సముద్రం మీద, ఒక్క దీపం లేదు. మబ్బూ లేదు. అయినా ఆకాశమేదో నీరేదో తెలియక పరికరాల మీదే విమానాన్ని నిలబెట్టారు. ఆ సమయాన్ని వాస్తవ ఇన్‌స్ట్రుమెంట్‌గా రాసుకోవచ్చని 1984లోనే ఎఫ్‌ఏఏ న్యాయ విభాగం వివరణ ఇచ్చింది. అయితే రిమార్కుల్లో కారణం రాయండి. కారణం లేని అంకెను అడిగినవారికి వివరించలేరు.

నేనైతే మోకాలి పలక మీద పెన్సిలుతో రెండే గుర్తులు పెట్టుకుంటాను: మబ్బులోకి వెళ్లిన నిమిషం, బయటికి వచ్చిన నిమిషం. అనుమానం వస్తే తక్కువే వేస్తాను. ఇంటికెళ్లాక గుర్తు తెచ్చుకుని రాసే అంకెను నేను నమ్మను.

హుడ్ (బయట కనిపించకుండా చూపును అడ్డుకునే తొడుగు) పెట్టుకుని సాధన కోసం ఎగిరినవారు, ముఖ్యంగా మబ్బు ముఖం చూడని అరిజోనాలో ఉన్నవారు, సేఫ్టీ పైలట్ (పక్కన కూర్చుని బయట గమనించే పైలట్) పేరు తప్పక రాయాలి. చాలా పేజీల్లో ఆ పేరు లేదు. అప్రోచ్ (పరికరాల ఆధారంగా రన్‌వే వైపు దిగే పద్ధతి) చేస్తే ఏ విమానాశ్రయంలో, ఏ రకమో కూడా రాయాలి. మబ్బులో మొదలైన అప్రోచ్ లెక్కకు రావాలంటే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (ఆఖరి దిగుడు మొదలయ్యే బిందువు) దాటేటప్పటికి ఇంకా మబ్బులోనే ఉండాలి. ఆ తర్వాత బయటపడినా ఫర్వాలేదు. హుడ్‌తో అయితే కనిష్ఠ ఎత్తు దాకా దాన్ని తీయకూడదు.

ఐఎఫ్‌ఆర్‌లో ఎగిరే అర్హత నిలుపుకోవడానికి ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్ (గాలిలో ఒకచోట చుట్లు తిరుగుతూ వేచి ఉండటం), కోర్సు ట్రాకింగ్ (నిర్దేశించిన దారి పట్టుకుని ఎగరడం) చేసి ఉండాలన్న సంగతి మీకు తెలిసిందే. లెక్క క్యాలెండర్ నెలల్లో అని మాత్రం మరవకండి: జనవరిలో చేసినవి జూలై 31 దాకా పనికొస్తాయి.

అభ్యాసం: మీ చివరి పది ఐఎఫ్‌ఆర్ ప్రయాణాలు తీయండి. ఆ రోజుల వాతావరణ నివేదికలు వెతికి, మబ్బు అడుగు ఎత్తు చూసి, పైకి ఎక్కిన, కిందికి దిగిన వేగంతో మబ్బులో గడిపిన నిమిషాలు మళ్లీ లెక్కించండి. మబ్బు పైఅంచు నివేదికలో దొరకకపోతే పైలట్ల నివేదికలు చూడండి. పాత అంకెను చెరిపేయవద్దు. ఒకే గీతతో కొట్టి, పక్కన కొత్త అంకె, తేదీ, పొడి సంతకం పెట్టండి. పదింటికీ పాత మొత్తం, కొత్త మొత్తం రెండూ పంపండి. అవి చూశాకే సిమ్యులేటర్ పాఠం మొదలుపెడతాను.