ఊళ్లు తిరుగుతూ పనిచేసేవాళ్లు తమ పేరు నిలబెట్టుకోవడం ఎలా?

గోవా బీచ్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఫొటో పెడితే లైకులు వస్తాయేమో గానీ పని రాదు. పని ఇచ్చేవాళ్లు చూసేది రెండే: మీకు ఏం వచ్చు, చెప్పిన టైముకు ఇస్తారా లేదా. ఏ ఊళ్లో ఉన్నా ఈ రెండూ కనిపించేలా చూసుకోవాలి. పర్సనల్ బ్రాండ్‌కు, అంటే పనిలో మీకున్న పేరుకు, అదే పునాది. లోగో, రంగులు, మంచి ఫొటో ఆ తర్వాత. వాటికి ఒక్క ఆదివారం చాలు.

గుంటూరుకు చెందిన ఒక యాప్ డిజైనర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు సొంత క్లయింట్లున్నారు, ఊళ్లు చూడాలని ఉంది.

1. ఏ పనికి గుర్తుపెట్టుకోవాలో తేల్చుకోండి

"డిజైనర్, ట్రావెలర్, కాఫీ లవర్" అని రాసుకుంటే ఎవరికీ గుర్తుండదు. అలా రాసుకున్నవాళ్లు వేలల్లో ఉంటారు. వృత్తి పరిచయాల సైట్ లింక్డిన్, మీ పేరు కింద కనిపించే హెడ్‌లైన్‌కు 220 క్యారెక్టర్లు ఇస్తుంది. మన డిజైనర్ అందులో ఇలా రాయొచ్చు: "తెలుగు, కన్నడ, తమిళ యాప్‌లలో అక్షరాలు తెగకుండా, హాయిగా చదవగలిగేలా స్క్రీన్లు డిజైన్ చేస్తాను."

ఇది నిజంగా ఉన్న సమస్య. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ ఎత్తునే తెలుగుకూ పెట్టేస్తారు. దాంతో "రాష్ట్రం" లాంటి మాటలో కింది వత్తులు బటన్ అంచుకు తగిలి తెగిపోతాయి. ఇబ్బంది పడుతున్న కంపెనీకి ఆ ఒక్క వాక్యం చాలు, ఫోన్ చేస్తుంది. మీ పనిలోనూ ఇలాంటి ఇరుకైన మూల ఒకటి వెతకండి. ఇరుకైతే అవకాశాలు తగ్గుతాయని భయం వేస్తుంది. మొదట్లో కొన్ని తగ్గినా, వచ్చేవి మీకు తగినవే వస్తాయి.

2. మూడు పనులు పూర్తిగా చూపించండి

సొంత పేరుతో చిన్న వెబ్‌సైట్ ఉంటే మంచిది. వెబ్‌సైట్లు పెట్టుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉచితంగానే పెట్టుకోవచ్చు. ముప్పై స్క్రీన్‌షాట్లు కుప్పపోయకుండా మూడు పనులే పెట్టండి. సమస్య ఏమిటి, ఏం మార్చారు, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, ఇవన్నీ రాయండి. క్లయింట్ పని బయట చూపించే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇవ్వకపోతే అదే సమస్యను ఊహించిన యాప్ మీద చేసి చూపించండి.

3. ప్రయాణాన్ని పనికి ముడిపెట్టండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. మైసూరులో నెల ఉంటే మన డిజైనర్‌కు బోర్డుల మీద కన్నడ అంకెలు కనిపిస్తాయి. కన్నడలోనూ మనలాగే వత్తులు కిందికి దిగుతాయి. అక్కడి నుంచి పుదుచ్చేరి వెళ్తే వీధి పేర్లు తమిళంలో, ఫ్రెంచిలో ఉంటాయి. తమిళంలో హల్లు మీద చుక్క పెట్టి అక్షరాలు పక్కపక్కనే రాస్తారు కాబట్టి మాట అడ్డంగా సాగుతుంది. అంటే తెలుగు బటన్‌కు ఎత్తు కావాలి, తమిళ బటన్‌కు వెడల్పు కావాలి. రెండు ఫొటోలు, పది వాక్యాలతో అది మంచి పోస్టు అవుతుంది. గుంటూరులోనే కూర్చుంటే ఆ పోస్టు అంత సులువుగా తట్టదు.

అకౌంట్స్ చేసేవాళ్లయితే హోమ్‌స్టే ఓనరు అడిగే సందేహాలే విషయాలవుతాయి. వారానికి ఒకటి రాస్తే చాలు. రోజూ రాయాలనే టెన్షన్ పెట్టుకుంటే నెలలోపే మానేస్తారు. ప్రయాణం చేసే వారానికి ముందే రెండు పోస్టులు సిద్ధం చేసి షెడ్యూల్‌లో పెట్టేయండి.

ఫొటోలో ఊరు కనిపిస్తే అక్కడి నుంచి కదిలాకే పెట్టండి. ఒంటరిగా తిరిగేవాళ్లు ఏ రూములో ఉన్నారో ఊరంతటికీ తెలియకూడదు.

4. నెట్, కరెంటు చూసుకుని ఊరు ఎంచుకోండి

మూడు రోజులకో ఊరు మారితే పనీ చెడుతుంది, ఊరూ మిగలదు. ఒక్కో చోట కనీసం నెల ఉండండి. రూము ఖాయం చేసే ముందు, మీరు పనిచేసే వేళకే స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపమని ఓనరును అడగండి. కరెంటు పోతే రౌటర్ ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని కూడా అడగండి. వేరే కంపెనీ సిమ్ మరొకటి దగ్గరుంచుకోండి. లడఖ్, కశ్మీర్ వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఊళ్లు తిరుగుతూ పనిచేసేవాళ్ల కోసమే సిక్కిం 2025లో యాక్తెన్ అనే పల్లెను సిద్ధం చేసింది. మొదటిసారి వెళ్లేవాళ్లు అలాంటి చోటు నుంచి మొదలుపెట్టొచ్చు.

5. మీ టైము క్లయింట్‌కు ముందే చెప్పండి

న్యూయార్క్ మనకన్నా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మార్చిలో, నవంబరులో అక్కడ గడియారం మారుతుంది. రాత్రి 7 గంటల మీటింగ్ వాళ్లకు వేసవిలో ఉదయం 9:30, నవంబరు దాటాక 8:30. ఆ వారం మర్చిపోకండి. ప్రయాణం రోజున కాల్స్ పెట్టుకోకండి, ఆ తేదీ వారం ముందే మెయిల్‌లో చెప్పేయండి.

పని ముగిసిన వారంలోపే రెండు మాటలు రాసివ్వమని అడగండి. ఊరికే అడిగితే "బాగా చేశారు" అని రాసిస్తారు. "నేను వేరే ఊళ్లో ఉండటం వల్ల మీకు ఇబ్బంది కలిగిందా?" అని అడిగితే కొత్త క్లయింట్లకు ఉపయోగపడే జవాబు వస్తుంది.

6. దేశం దాటేముందు

చాలా దేశాల్లో టూరిస్ట్ వీసా మీద పనిచేయడానికి అనుమతి ఉండదు. వేరే దేశం పనిని అక్కడ ఉండి చేసుకునేవాళ్ల కోసం కూడా థాయ్‌లాండ్ 2024లో డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) తెచ్చింది. అది ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజుల వరకు ఉండొచ్చు. ఖాతాలో 5 లక్షల బాత్‌లు చూపించాలి. ఉద్యోగులైతే కంపెనీ అనుమతి మెయిల్ రూపంలో తీసుకోండి. మేనేజర్ నోటిమాట సరిపోదు.

బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరుకు బయల్దేరకముందే రోమింగ్ పెట్టించుకోండి. ఈమెయిల్‌కు, లింక్డిన్‌కు మాత్రం ఎస్సెమ్మెస్ బదులు, లాగిన్ కోడ్లు ఫోన్‌లోనే చూపించే అథెంటికేటర్ యాప్ పెట్టి, ఫోన్ పోయినా లాగిన్ కావడానికి పనికొచ్చే రికవరీ కోడ్లు కాగితం మీద రాసి ఫోన్‌కు దూరంగా వేరే బ్యాగులో ఉంచండి.