టూరిస్ట్ స్పాట్ ప్లాన్ చేస్తున్నారా? ముందు నీళ్లు చూడండి

గదులు ఎన్ని కట్టాలనేది తర్వాత, ముందు మండు వేసవిలో అక్కడికి వెళ్లి బావుల్లో నీళ్లు ఎంత లోతుకు దిగాయో చూడండి, ఎందుకంటే చాలా చోట్ల జనం ఎక్కువగా వచ్చేదీ నీళ్లు అడుగంటేదీ ఒకే నెలల్లో. ఆ లెక్కను బట్టే గదులు. మురుగు ఎటు పోతుందో కూడా అప్పుడే తేల్చుకోండి.

పగడపు దిబ్బలుంటే లంగరు వేయనివ్వొద్దు. థాయిలాండ్‌లో ఓ దీవి మీదున్న మాయా బే బీచ్‌లో పడవలు, జనం తాకిడికి పగడాలు దెబ్బతిని 2018లో మూసేశారు, 2022లో తెరిచినప్పుడు పడవల్ని దీవి వెనకవైపే ఆపించారు.

తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే ఆ నెలల్లో రాత్రి లైట్లు ఆర్పేయాల్సిందే, ఆదాయం తగ్గినా సరే. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపే పాకుతాయి, పాపం, ఒడ్డున బల్బులుంటే సముద్రం వదిలేసి రోడ్డెక్కుతాయి.